పాత ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వేయిస్తే యూపీఐ వాడుకోవచ్చా?

చెరువుగట్టు_ఉండి
మా నాన్నగారు ఉండి దగ్గర రెండు రొయ్యల చెరువులు చూసుకుంటారు. ఆయన వాడేది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పోకో ఎఫ్1. బ్యాటరీ మార్పించాక బాగానే పనిచేస్తోంది. చిక్కంతా మేత కంపెనీ యాప్‌తో వచ్చింది. ఏ చెరువులో ఏ పూట ఎంత మేత వేశారో, చెక్ ట్రేలో ఎంత మిగిలిందో అందులోనే నమోదు చేయాలి. ఆ లెక్క చూసిన తరువాతే వాళ్లు అరువు మీద మేత పంపుతారు. ఇప్పుడు ఆ యాప్ ఆండ్రాయిడ్ 11 కంటే తక్కువ ఉన్న ఫోన్లలో తెరుచుకోవడం లేదు, ఈ ఫోన్ ఆండ్రాయిడ్ 10 దగ్గర ఆగిపోయింది. భీమవరంలో ఒక సెల్ షాపు అతను ఎనిమిది వందలకు ఆండ్రాయిడ్ 14 వేసి సాయంత్రానికల్లా ఇచ్చేస్తానని, అన్నీ మామూలుగానే పనిచేస్తాయని అంటున్నాడు. మేతకు, మందులకు, కూలీలకు డబ్బంతా నాన్నగారు ఈ ఫోన్ నుంచే యూపీఐలో పంపుతారు కాబట్టి నాకు భయంగా ఉంది. వేయించవచ్చా? కొత్త ఫోన్ కొనమనే సలహా మాత్రం దయచేసి ఇవ్వవద్దు, ఈ పంటకు కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) సరిగా రాలేదు.

తణుకు_టవర్
సాయంత్రానికి ఇస్తానన్న మాట దగ్గరే ఆగి ఆలోచించండి. ఈ రకం ఫోన్లలో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే ముందుగా నడిచి ఆండ్రాయిడ్‌ను ఎక్కించే ప్రోగ్రామ్) తాళం తీయాలంటే కంపెనీ ఖాతాను ఫోన్‌కు జతచేసి, వాళ్ల అన్‌లాక్ టూల్ చెప్పినంతసేపు వేచి ఉండాలి. చాలా మోడళ్లకు అది 168 గంటలు, అంటే వారం. ఒక్క పూటలో అవుతుందంటే అతని దగ్గర ఏదో అడ్డదారి ఉండాలి, లేదా ఆ తాళం ఇదివరకే ఎవరో తీసి ఉండాలి.

చెరువుగట్టు_ఉండి
ఫోన్ ఆన్ చేసినప్పుడు పోకో అక్షరాలు వచ్చే తెర అడుగున చిన్న తాళం బొమ్మ, 'అన్‌లాక్డ్' అనే మాట కనబడతాయి. కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది. నెట్‌వర్క్ తాళం తీశారని అనుకున్నాం.

బూట్‌లోడర్_బాబాయ్
అది బూట్‌లోడర్ తాళమే. అంటే మీరు అడుగుతున్న ప్రశ్నలో సగం, ఆ ఫోన్ మీ ఇంటికి రాకముందే జరిగిపోయింది.

దాని అర్థం ఏమిటో వివరంగా చెబుతాను. ఆండ్రాయిడ్ ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు చిప్‌లో ఉన్న తాళంచెవితో (అంకెల సంకేతంతో) మొదలుపెట్టి, ప్రతి మెట్టూ తన తరువాతి మెట్టు మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. దీన్ని వెరిఫైడ్ బూట్ అంటారు. బూట్‌లోడర్ తాళం తీశాక ఈ సరిచూడటం లెక్కలోకి రాదు, ఎవరి సాఫ్ట్‌వేర్ పెట్టినా ఫోన్ నడుస్తుంది. మనం లీనేజ్ ఓఎస్ (వలంటీర్లు తయారుచేసే ఉచిత ఆండ్రాయిడ్) వేసుకోగలిగేది అందువల్లే, మరొకరు మనకు తెలియకుండా మరొకటి వేయగలిగేది కూడా అందువల్లే.

తాళం తీసే సమయంలో ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. దొంగ తాళం తీసి ఫోటోలు చూడకుండా పెట్టిన ఏర్పాటు అది. ఇప్పటికే తీసి ఉన్న ఫోన్‌కు ఆ ఏర్పాటు వర్తించదు. ఫోన్ అరగంట చేతికి చిక్కితే చాలు, కేబుల్ పెట్టి బూట్ ఇమేజ్ (ఫోన్‌ను మొదలుపెట్టే ఫైలు) మార్చి, ఏమీ జరగనట్టు తిరిగి అక్కడే పెట్టవచ్చు. లోపలి సమాచారం గుప్తీకరించి ఉంటుంది కాబట్టి ఆ క్షణంలో అతనికి ఏమీ దొరకదు, కాని తరువాత మీరు పిన్ కొట్టినప్పుడు దాన్ని అందుకునేది అతను పెట్టిన సాఫ్ట్‌వేరే. పైగా ఇలాంటి ఫోన్ పోతే గూగుల్ ఖాతా తాళాన్ని చెరిపేసి అమ్ముకోవడం కూడా తేలిక.

చెరువు గట్టున పాకలో చార్జింగ్ పెట్టి నీటికి గాలి అందించే ఏరేటర్లు చూడటానికి వెళ్లే మనిషికి ఇది ఎంత ముప్పో మీరే అంచనా వేసుకోండి. నా లెక్కన చిన్నదే. కేబుల్ పట్టుకుని పాకకు వచ్చేంత ఓపిక ఉన్న దొంగ రొయ్యలే పట్టుకుపోతాడు.

లంకల_వాడు
రొయ్యల దొంగ సంగతి నిజమేనండి. అయితే తాళం తిరిగి వేసేస్తే సరిపోతుంది కదా? దీనికి ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు.

బూట్‌లోడర్_బాబాయ్
కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ ఏ మార్పూ లేకుండా ఉన్నప్పుడే తాళం తిరిగి వేయాలి. కస్టమ్ రోమ్ (లీనేజ్ లాంటి, కంపెనీది కాని ఆండ్రాయిడ్) ఉండగా ఈ ఫోన్లలో తాళం వేస్తే 'సిస్టమ్ నాశనమైంది' అనే ఆంగ్ల సందేశంతో ఫోన్ అక్కడే నిలిచిపోతుంది. సొంత తాళంచెవి నమోదు చేసుకుని, వేరే ఓఎస్ మీద కూడా తాళం వేసుకునే వీలు గూగుల్ పిక్సెల్ ఫోన్లలో ఉంది. భద్రత మీద దృష్టి పెట్టే మరో ఆండ్రాయిడ్ రకం, గ్రాఫీన్ ఓఎస్ వాళ్లు పిక్సెల్‌నే ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో అది ఒకటి. మన చేతుల్లో తిరిగే చవక ఫోన్లలో చాలావాటికి ఆ దారి లేదు.

రాజోలు_రిపేర్
షాపు వాళ్లందరినీ ఒకే గాటన కట్టవద్దని నా మనవి. నేను పన్నెండో తరగతి నుంచీ ఇదే పనిలో ఉన్నాను. పోకో ఎఫ్1కు లీనేజ్ ఓఎస్ అధికారిక బిల్డులు (వేసుకోవడానికి సిద్ధం చేసిన ఫైళ్లు) వచ్చాయి, అవి వేస్తే నూటికి తొంభై పనులు సాఫీగా జరుగుతాయి. ఎనిమిది వందలు కూడా ఎక్కువ కాదు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. చాలా షాపుల్లో లీనేజ్ సైటుకు వెళ్లి ఫైలు తెచ్చుకునేవాళ్లు తక్కువ. టెలిగ్రామ్ గుంపుల్లో తిరిగే ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చిన ప్రతి ఫోన్‌కూ అదే వేస్తారు. తెర మీద బొమ్మలు అందంగా ఉంటే కొనుగోలుదారు కూడా సంతోషిస్తాడు, ఎవరు తయారు చేశారని అడిగినవాడు నాకు ఇంతవరకూ తగల్లేదు.

గౌతమి_ఒడ్డు
రాజోలు గారు తేలిగ్గా అనేసిన ఆ రెండో పేరాయే ఈ చర్చలో అసలు విషయమని నా అభిప్రాయం. రోమ్ వేయడం మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. దాని మీద సంతకం ఎవరిది, ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అని అడగాలి.

ఆండ్రాయిడ్ మూల కోడ్‌తో పాటు కొన్ని పరీక్ష తాళంచెవులు బహిరంగంగా అందరికీ దొరుకుతాయి, వాటిని టెస్ట్-కీస్ అంటారు. తయారుచేసేవాడు తన సొంత తాళంచెవులు పెట్టుకోకపోతే రోమ్ వాటితోనే తయారవుతుంది. అటువంటి ఫోన్ తాళం ఊళ్లో ప్రతి తాళాల బండి దగ్గరా దొరికే చెవితో తెరుచుకునే తాళం. ఆ చెవితో సంతకం చేసిన మామూలు యాప్ కూడా ఫోన్ దృష్టిలో సిస్టమ్‌లో భాగమే కాబట్టి, మామూలు యాప్‌లకు ఎన్నడూ దక్కని అనుమతులు దానికి దక్కుతాయి. ఇందుకు రూట్ (ఫోన్ మీద పూర్తి అధికారం) కూడా అక్కరలేదు.

సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ చివర టెస్ట్-కీస్ అని ఉంటే అది వద్దని చెప్పేయండి. రిలీజ్-కీస్ అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు, ఎందుకంటే ఆ మాటను చాలామంది ఊరికే రాసి పెడతారు. లీనేజ్ అధికారిక సైటు నుంచి మీరే దింపుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 విలువతో (ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి సంకేతంతో) సరిపోల్చుకోవడం ఒక్కటే నమ్మదగిన పద్ధతి. 2016 డిసెంబరులో సయనోజెన్‌మాడ్ అనే పాత రోమ్ మూతపడినప్పుడు దాని కొనసాగింపుగా వచ్చిన ప్రాజెక్టు లీనేజ్. బిల్డులపై తన సొంత తాళంచెవులతో సంతకం చేస్తుంది, రూట్ పెట్టి ఇవ్వదు.

కోనసీమ_కొబ్బరి
మీరందరూ సంతకాల గురించి ఇంత లోతుగా మాట్లాడుతున్నారు గాని, మా అంబాజీపేట చుట్టుపక్కల డబ్బు పోగొట్టుకున్న వాళ్లలో ఒక్కరు కూడా రోమ్ వేయించుకున్నవారు కారు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో, పెళ్లి శుభలేఖ పేరుతోనో ఏపీకే (యాప్‌ను ఎక్కించే ఫైలు) వస్తుంది. నొక్కుతారు, అడిగిన అనుమతులన్నీ ఇస్తారు, ఎస్‌ఎంఎస్‌లు అవతలివాడు చదువుకుంటాడు. వెంటనే 1930కి (సైబర్ మోసాల ఫిర్యాదు నంబరుకు) ఫోన్ చేసినవారికి కొంత దక్కింది, మిగిలినవారికి అదీ లేదు.

ఈ కోణంలో చూస్తే ఆండ్రాయిడ్ 14 వేయించడమే మేలు. బయటి నుంచి వచ్చిన యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చదివి, మన బదులు నొక్కే అధికారం) నేరుగా ఇవ్వనీయకుండా ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డు పెట్టారు. మరీ పాత పద్ధతిలో, ఆండ్రాయిడ్ 6కు ముందటి నియమాలతో రాసిన యాప్‌లను 14 ఎక్కించుకోనే ఎక్కించుకోదు. ఆండ్రాయిడ్ 10లో ఈ రెండూ లేవు.

తణుకు_టవర్
కొబ్బరి గారితో ఏకీభవిస్తున్నాను. క్రోమ్ కూడా 2025 నుంచి ఆండ్రాయిడ్ 8, 9 లను వదిలేసింది. తరువాత వంతు 10దే అవుతుంది.

లంకల_వాడు
పాత వెర్షన్ మేత యాప్ ఏపీకే ఎక్కడైనా దొరికితే అది వేసుకుంటే పోదా? రోమ్ గొడవే ఉండదు.

గౌతమి_ఒడ్డు
ఉన్న యాప్ మీద దాన్ని వేయబోతే ఆండ్రాయిడ్ సంతకం సరిచూస్తుంది, వేరైతే ఒప్పుకోదు. కాని ఉన్నదాన్ని తీసేసి వేస్తే పోల్చడానికి ఏమీ ఉండదు, ఎవరు మార్చి పెట్టిన ఫైలైనా ఎక్కిపోతుంది. ఒకవేళ అసలైనదే దొరికినా, కంపెనీ సర్వరు పాత వెర్షన్‌ను తిరస్కరిస్తే చేయగలిగింది ఏమీ లేదు. కొబ్బరి గారు చెప్పిన ఏపీకే జబ్బును మనమే ఇంటికి పిలిచినట్టవుతుంది.

పేరుపాలెం_బీచి
అసలు ప్రశ్న యూపీఐ గురించి కదా, దానికి ఎవరూ నేరుగా సమాధానం చెప్పలేదు. మా బంధువు ఫోన్‌లో రోమ్ వేశాక ఒక బ్యాంకు యాప్ తెరుచుకుంది, మరొకటి 'ఈ పరికరం సురక్షితం కాదు' అని ఆగిపోయింది. యూపీఐ యాప్ మాత్రం నడిచింది, నెల తరువాత అదీ ఆగింది. ఎందుకలా జరుగుతుంది?

బూట్‌లోడర్_బాబాయ్
యాప్ ఫోన్‌ను నమ్మాలా వద్దా అని గూగుల్‌ను అడుగుతుంది. మొదట్లో దానికి సేఫ్టీనెట్ ఉండేది, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ ఉంది. అది మూడు స్థాయిల్లో జవాబు చెబుతుంది: కనీస స్థాయి, పరికర స్థాయి, దృఢ స్థాయి. ఏ స్థాయి లేకపోతే తలుపు మూయాలో నిర్ణయించుకునేది బ్యాంకు. అందుకే ఒకటి తెరుచుకుంటుంది, మరొకటి తెరుచుకోదు, ఇవాళ తెరుచుకున్నది వాళ్లు విధానం మార్చుకున్న రోజున మూసుకుంటుంది. 2025 మే నుంచి, ఆండ్రాయిడ్ 13, ఆపై వెర్షన్లున్న ఫోన్లలో పరికర స్థాయికి కూడా చిప్‌లోని తాళంచెవి ఇచ్చే సాక్ష్యమే అడుగుతున్నారు. బూట్‌లోడర్ తాళం తీసి ఉందన్న సంగతిని ఆ సాక్ష్యం దాచిపెట్టదు.

దీనికి షాపుల్లో చేసే చికిత్స ఏమిటంటే, మ్యాజిస్క్ అనే సాధనంతో రూట్ చేసి, ఫోన్ మంచిదేనని గూగుల్‌ను నమ్మించే మాడ్యూల్ ఒకటి పెడతారు. అది కొన్నాళ్లు నడుస్తుంది. బయటకు పొక్కిన ఏదో ఫోన్ తాళంచెవుల ఫైలును వాడుకుంటూ నడుస్తుంది, గూగుల్ దాన్ని రద్దు చేయగానే మరో ఫైలు కోసం వెతుక్కోవాలి. ఈ మధ్యలో జరిగేది గమనించండి. ఆ మాడ్యూళ్లు పనిచేసే తీరే ఇతర యాప్‌ల ప్రక్రియల్లోకి తమ కోడ్‌ను చొప్పించడం. అంటే బ్యాంకు యాప్ తెరుచుకోవడం కోసం, ఆ బ్యాంకు యాప్ లోపలే ముక్కూ మొహం తెలియని మనిషి రాసిన కోడ్‌ను కూర్చోబెడుతున్నాం. యూపీఐ పిన్ అడిగే పేజీ యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ లైబ్రరీది, పిన్‌ను గుప్తీకరించే పంపుతుంది. కాని రూట్ అధికారం ఉన్నవాడు, తెర మీద వేలు ఎక్కడ తగిలిందో గుప్తీకరణ జరగకముందే చూడగలడు.

కాబట్టి నా మాట ఇది. రూట్ లేని అధికారిక లీనేజ్‌ను నేను అభ్యంతర పెట్టను. బ్యాంకు యాప్‌ను ఏమార్చడానికి రూట్ చేయడం మాత్రం, రోమ్ వల్ల వచ్చే ముప్పు కంటే ఎన్నో రెట్లు పెద్ద ముప్పు.

రాజోలు_రిపేర్
ఆ మాడ్యూళ్లన్నీ దొంగవి కావు. కొన్నిటి కోడ్ బహిరంగంగానే ఉంటుంది, చదువుకోవచ్చు.

బూట్‌లోడర్_బాబాయ్
చదువుకోవచ్చు. మీ షాపులో వేసే ముందు ఎవరైనా చదివారా అన్నదే నా ప్రశ్న.

రాజోలు_రిపేర్
సరేనండి, ఆ మాట దగ్గర నేను ఆగిపోతాను.

కాకరపర్రు_కాలువ
ఇంకొక సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆండ్రాయిడ్ 14 వేసినంత మాత్రాన ఫోన్ మొత్తం కొత్తది కాదు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ కిందటి నెలది చూపిస్తుంది, మనం సంబరపడతాం. ఆ తేదీ ఆండ్రాయిడ్ పై భాగానిది. మోడెమ్, గ్రాఫిక్స్ డ్రైవరు, చిప్‌లోని భద్రతా విభాగం వీటి ఫర్మ్‌వేర్ (ఆ భాగాలను నడిపే సాఫ్ట్‌వేర్) కంపెనీ చివరిసారి ఇచ్చిన దగ్గరే ఉంటుంది, దాన్ని లీనేజ్ వాళ్లు కూడా సరిచేయలేరు. వాళ్లు నిజాయితీగా 'వెండర్ సెక్యూరిటీ ప్యాచ్' అని రెండో తేదీని కూడా చూపిస్తారు, చాలా రోమ్‌లు ఆ పని చేయవు. ఈ ఫోన్‌లోని స్నాప్‌డ్రాగన్ 845 నడిచేది లినక్స్ 4.9 కెర్నెల్ (ఆండ్రాయిడ్ అడుగున ఉండే మూల ప్రోగ్రామ్) మీద, దానికి మూల నిర్వహణ 2023 జనవరితో ముగిసింది. ఆపైన వచ్చే సవరణలను వలంటీర్లు ఓపిక ఉన్నంతవరకు వెనక్కి తెచ్చి అతికిస్తుంటారు.

కోనసీమ_కొబ్బరి
ఇప్పుడున్న ఆండ్రాయిడ్ 10లో కూడా ఆ ఫర్మ్‌వేర్ అంతే పాతది కదండీ. పై భాగమైనా కొత్తదవడం నష్టమెలా అవుతుంది?

కాకరపర్రు_కాలువ
నష్టమని నేను అనలేదు. రెండు తేదీలూ చూసుకోమన్నాను. 14 అనే అంకె చూసి ధైర్యం పెరిగి, అంతకుముందు చేయని పనులన్నీ ఆ ఫోన్‌లో చేయడం మొదలుపెడితే, అప్పుడు నష్టం.

యానాం_ఫెర్రీ
సిమ్ సంగతి కూడా చూసుకోండి. కొన్ని రోమ్‌లలో, ముఖ్యంగా అన్ని ఫోన్లకూ సరిపోతాయని చెప్పే జీఎస్‌ఐ రకంలో, వోల్టీ (4జీ మీదే కాల్స్ నడిపే పద్ధతి) పనిచేయదు. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి వోల్టీ లేకపోతే మామూలు కాల్స్ వెళ్లవు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే కాపలా మనిషి చేసే ఫోను అందకపోవడం, యూపీఐ ఆగడం కంటే పెద్ద నష్టం.

మరొకటి. ఫ్లాష్ చేసేటప్పుడు (రోమ్ ఎక్కించేటప్పుడు) ఏదైనా తప్పు జరిగి ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) కనబడకుండా పోతే, షాపు అతను 'వేరేది రాసి ఇస్తాను' అనవచ్చు. ఒప్పుకోవద్దు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఐఎంఈఐ మార్చడం మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడగల నేరం. ముందే మోడెమ్ విభాగాల బ్యాకప్ తీసుకుంటే ఈ పరిస్థితి రాదు.

లంకల_వాడు
50 లక్షలంటే మంచి కౌంటు వచ్చిన పంటలు ఎన్నో పోతాయండి, ఆయ్.

చెరువుగట్టు_ఉండి
అందరి మాటలూ చదివి నాన్నగారికి వివరించాను. ఆయన ఒకే ప్రశ్న వేశారు: 'అయితే డబ్బు ఎక్కడి నుంచి పంపాలి?' అమ్మ దగ్గర ఉన్నది కీప్యాడ్ ఫోన్, నా ఫోన్ నాతో పాటు విశాఖలో ఉంటుంది.

పేరుపాలెం_బీచి
కీప్యాడ్ ఫోన్‌లో కూడా యూపీఐ ఉందండి. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే ఇంటర్నెట్ లేకుండా, ఐవీఆర్ కాల్ (రికార్డు గొంతు చెప్పినట్టు అంకెలు నొక్కే కాల్) ద్వారా పనిచేస్తుంది. ఒక్కో చెల్లింపు పరిమితిని 2024లో ఐదు వేల నుంచి పది వేలకు పెంచారు. బ్యాంకుతో అనుసంధానమైన నంబరు ఆ ఫోన్‌లో ఉండాలి, అంతే. కూలీలకు, మందుల షాపుకు అది చాలు. మేత బిల్లు ఎలాగూ పెద్దది, దాన్ని బ్యాంకుకు వెళ్లి ఆర్‌టీజీఎస్ చేయించడమే మేలని నా సలహా.

గౌతమి_ఒడ్డు
బీచి గారి ఏర్పాటు బాగుంది. బ్యాంకు సిమ్ కీప్యాడ్ ఫోన్‌లోకి పోతే ఓటీపీలు కూడా అక్కడికే వస్తాయి. అప్పుడు పోకోలో ఏ పాడు ఏపీకే చేరినా దానికి చదువుకోవడానికి బ్యాంకు సందేశాలే ఉండవు. నిజానికి రోమ్ వేసినా వేయకపోయినా చేయదగిన పని అది.

పోకోలో వేరే సిమ్ వేసి, గూగుల్ ఖాతా కూడా నాన్నగారిది కాకుండా కొత్తది తెరవండి. పాత ఖాతాలో ఫోటోలు, కాంటాక్టులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు అన్నీ ఉంటాయి.

చెరువుగట్టు_ఉండి
మేత యాప్‌కు ప్లే స్టోర్ తప్పనిసరి. లీనేజ్‌లో అది ఉండదని చదివాను.

రాజోలు_రిపేర్
గూగుల్ యాప్‌ల ప్యాకేజీని విడిగా వేయాలి. లీనేజ్ సైటే మైండ్ ద గ్యాప్స్‌ను సూచిస్తుంది. లీనేజ్ వేశాక, ఫోన్‌ను మొదటిసారి ఆన్ చేయకముందే రికవరీ (ఫోన్‌లోని మరమ్మతు మెనూ) నుంచి దాన్ని కూడా వేయాలి, తరువాత వేస్తే ఇబ్బందులు వస్తాయి. వెర్షన్ సరిగ్గా జత కుదరాలి: ఆండ్రాయిడ్ 14 అంటే లీనేజ్ 21. ముందుగా ఫోన్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ రోమ్ అడిగిన వెర్షన్‌దో కాదో చూడండి. పాత ఫర్మ్‌వేర్‌కు వెనక్కి వెళ్లే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు. యాంటీ రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు వెళ్లకుండా అడ్డుకునే ఏర్పాటు) ఉన్న మోడళ్లలో, ఉదాహరణకు రెడ్‌మీ నోట్ 5 ప్రోలో, వెనక్కి వెళ్లిన ఫోన్లు శాశ్వతంగా చచ్చిపోయాయి.

బూట్‌లోడర్_బాబాయ్
ఎవరు వేసినా ఒక జాగ్రత్త తీసుకోండి. సెట్టింగ్స్‌లో కంపెనీ ఖాతా ఎవరి పేరున ఉందో ముందే చూడండి. పాత యజమానిదో, షాపు వాళ్లదో అందులో ఉండిపోతే, ఫైండ్ డివైస్ తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే. వాళ్ల చేత సైన్ అవుట్ చేయించిన తరువాతే మిగతా పని మొదలుపెట్టండి.

చెరువుగట్టు_ఉండి
చూశాను, పాత యజమాని ఖాతాయే ఉంది. ఆయనది ఆకివీడు, నంబరు నా దగ్గర ఉంది, రేపు వెళ్లి తీయిస్తాను. ఆ తరువాత రాజోలు గారు చెప్పిన క్రమంలో నేనే లాప్‌టాప్‌తో వేస్తాను, రూట్ జోలికి పోను. బ్యాంకు సిమ్ అమ్మ ఫోన్‌లోకి మారుతుంది. అమ్మ ఒక షరతు పెట్టింది: నెల జమాఖర్చు ఇకపై తనే చూస్తుందట.

లంకల_వాడు
ఆ షరతుకు నాన్నగారు ఒప్పుకున్నారా?

చెరువుగట్టు_ఉండి
ఇంకా జవాబు రాలేదండి, చెరువు మీదికి వెళ్లారు.

తణుకు_టవర్
మంచి కేబుల్ వాడండి. ఉప్పు గాలికి పచ్చబడిన చార్జింగ్ పోర్టు ఫైలు ఎక్కుతున్నప్పుడు మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి చేయాలి. ముందు పోర్టును శుభ్రం చేయించండి.

కాకరపర్రు_కాలువ
వేశాక వెండర్ ప్యాచ్ తేదీ ఎంత చూపించిందో ఇక్కడ రాయండి. అదే ఫోన్ మా తమ్ముడి దగ్గర కూడా ఉంది.